ముప్పై ఏడు వద్దులు

"మీ అమ్మనడుగు బిడ్డా" అన్నాడు సిద్ధిరాములు, కంచంలోనే చెయ్యి కడుక్కుంటూ.

అనేసి లేచాడు. తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. దండెం మీది చొక్కా తొడుక్కుని, దుకాణం తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయాడు. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్లీ తీగ చుట్టే దుకాణం ఆయనది, ఎల్లారెడ్డి బస్టాండు వెనక. ఎండలు ముదిరే ఈ రోజుల్లో తొమ్మిదింటికల్లా రైతులు మోటార్లు ఆటోల్లో వేసుకొచ్చి ఆయన కోసం కూర్చుంటారు. కంచం ఇక్కడే ఉండిపోయింది. ఆయన అన్న మాట కూడా ఇక్కడే ఉండిపోయింది. రెండూ ఎత్తాల్సింది బాలలక్ష్మే.

సాయిలత తల్లి వైపు తిరిగింది. చేతిలో కాలేజీ వాళ్లిచ్చిన కాగితం. హైదరాబాదులో మూడు రోజులు విద్యార్థుల సదస్సు. కామారెడ్డిలో ఆమె చదివే డిగ్రీ కాలేజీ నుంచి ఇద్దరినే పంపుతున్నారు, సాయిలతను, ఆమె స్నేహితురాలు గ్లోరీని. తను రాసిన వ్యాసం తనే అక్కడ నిలబడి చదవాలి. అది నచ్చితే ఎం.ఏ.కు దారి దొరుకుతుందని పాఠం చెప్పే వందన మేడం ఒకటికి రెండుసార్లు చెప్పింది. కాగితం అడుగున తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టాలి. సోమవారం ఆఖరు.

"అమ్మా..."

"వద్దు" అంది బాలలక్ష్మి.

అనాలనుకుని అన్న మాట కాదది. కాలికి రాయి తగిలితే అబ్బా అన్నట్టు వచ్చేసింది. హైదరాబాదు అన్న మాట చెవిన పడగానే ఆమె కళ్ల ముందు రైలు కదిలిపోతుంటే పిల్ల కాలు జారింది, ఎవరిదో తెలియని హాస్టలు గదిలో ఫ్యాను ఊడిపడింది, ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెప్ప కొట్టేలోగా ఇన్ని జరిగిపోయాయి. ఆమె చదువు తొమ్మిదో తరగతి దగ్గరే ఆగింది గానీ, జరగని ప్రమాదాలకు పరీక్ష పెడితే ఆ జిల్లాకు ఆమే మొదటిది. కూతురు మూడేళ్లుగా రోజూ కామారెడ్డికి బస్సులో పోయి వస్తోంది. ఆ బస్సు లింగంపేట దాటే వేళకు ఒకసారి, తాడ్వాయి దాటే వేళకు ఒకసారి, ఇక్కడ ఆమె చేతిలో చుట్టే బీడీ ఆకు చిరుగుతుంది. మూడేళ్లలో బస్సుకేమీ కాలేదు. ఆకులే చిరిగాయి.

"బాపు సరే అన్నడు గదా" అంది సాయిలత.

"ఎక్కడన్నడు? నన్నడుగుమన్నడు."

"వద్దయితే అనలే. బాపు ఎన్నడన్న వద్దన్నడా? ఈ ఇంట్ల వద్దనేది నువ్వొక్కదానివే."

గద్దె మీద కాళ్లు చాపుకుని కూర్చున్న అత్త రామవ్వ, నోట్లో తమలపాకు ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి, "తల్లి మనసుకు ఏదో తోస్తున్నది కావచ్చు బిడ్డా. తల్లి వద్దన్నంక మల్ల అడుగుడేంది" అంది. ఎప్పుడూ కోడలి పక్షం మాట్లాడని రామవ్వ ఇలాంటప్పుడు మాత్రం తప్పకుండా మాట్లాడుతుంది.

సాయిలత కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, "గ్లోరీకి వాళ్ల డాడీ మొన్ననే సంతకం పెట్టిండు" అని మాత్రం అని, పది గంటల బస్సుకు వెళ్లిపోయింది. ఏడిస్తే బాలలక్ష్మికి కొంచెం నయంగా ఉండేది.

మధ్యాహ్నం పనులు ముగిశాక, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం. చేతులకు ఇది ఎంతగా వచ్చేసిందంటే, బుర్ర పూర్తిగా ఖాళీగా ఉండి దిగులుకు బోలెడంత చోటు దొరుకుతుంది. ఎదురుగా గూట్లో సాయిలత వ్యాసం రాసుకున్న పెద్ద నోటుపుస్తకం కనిపించింది. మరిచిపోయి వెళ్లింది.

అందులో ఏముందో ఆమెకు కొంత తెలుసు. చదివింది ఎవరికైనా చెబితేనే సాయిలతకు గుర్తుంటుంది. వినేందుకు ఇంట్లో తీరికగా కూర్చునేది రామవ్వ ఒక్కతే అయినా, ఆమె రెండో వాక్యానికే గుర్రు పెడుతుంది. అందుకని చేతులు ఖాళీ లేకపోయినా చెవులు ఖాళీగా ఉన్న తల్లే పాఠం వినాలి. చలికాలం నుంచీ ఆ పాఠమే. ఒక దేశంలో ప్రభుత్వం నడిచే తీరునూ ఇంకో దేశంలో నడిచే తీరునూ పక్కపక్కన పెట్టి ఎలా పోల్చాలి అన్నది.

"పాతకాలపోళ్లు ఏమన్నరంటే అమ్మా, కాయితం చూడుండ్రి అన్నరు. రాజ్యాంగంల ఏం రాసి ఉన్నది, పెద్ద కుర్సీల ఎవరున్నరు, గవి చూసి పోల్చుడు. దాన్ని సంస్థాగత ఉపగమనం అంటరు."

"ఉప..?"

"ఉపగమనం. అంటే చూసే తీరు."

"గట్ల జెప్పు మరి."

"వాళ్ల తర్వాత వచ్చినోళ్లేమో, కాయితం ఇడిసిపెట్టి పని చూడుండ్రి అన్నరు. యే దేశంలనన్న కొన్ని పనులు తప్పయి. ఎవరో ఒకలు కాయిదా, అంటే చట్టం, పెట్టాలె. ఎవరో ఒకలు దాన్ని అమలు చెయ్యాలె. తప్పెవరిదో ఒప్పెవరిదో ఎవరో ఒకలు తేల్చాలె. బోర్డు మీద పేరు ఎవరిదన్న ఉండనీ, ఆ పని నిజంగ ఎవరు చేస్తున్నరో చూడుండ్రి అన్నరు. ఇది నిర్మాణ ప్రకార్య ఉపగమనం."

"అది నాకు నోరు తిరగదు తియ్యి. పని చూసుడు. గంతేనా?"

"గంతే."

ఆ రోజు అక్కడే కూర్చుని స్క్రూడ్రైవరుతో ఫ్యాను విప్పుతున్న సిద్ధిరాములు పకపక నవ్వాడు. "మన ఇంట్ల కాయితం చూసినా మీ అమ్మనే, పని చూసినా మీ అమ్మనే. రేషన్ కార్డు తీసి చూడు, కుటుంబ పెద్ద బాలలక్ష్మి అని ఉంటది. నేను దుకాణం కాడ కూలోన్ని." నిజమే, కార్డు మీద ఇంటిపెద్దగా ఆడమనిషి పేరే రాస్తారు. రామవ్వ పేరు చిన్నకొడుకు కార్డులో ఉంది కాబట్టి ఇక్కడ బాలలక్ష్మిదే. ఆ మాటకు అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మంచివాడే ఆయన. తాగడు, చెయ్యెత్తడు, గొంతు పెంచడు. ఎల్లారెడ్డిలో ఎవరినడిగినా సిద్ధిరాములన్న దేవుడసొంటోడు అంటారు.

చేతులు తుడుచుకుని నోటుపుస్తకం తీసింది. అచ్చుపుస్తకాల కంటే కూతురి అక్షరాలు ఆమెకు తేలిక. దేశాల జోలికి పోయేముందు కళ్లెదుట ఉన్న రెండిళ్లను పోల్చి చూడమని వందన మేడం చెప్పిందట. సాయిలత వారంపాటు తన ఇంట్లో ఎవరు ఏమంటున్నారో రాసుకుంది. తర్వాతి వారం రోజూ కాలేజీ అయ్యాక కామారెడ్డిలో గ్లోరీ ఇంట్లో కూర్చుని రాసుకుంది. బాలలక్ష్మి వేలు పెట్టుకుని చదివింది.

'గ్లోరీ ఇంట్లో అధికారం పూర్తిగా తండ్రి యోబు గారిది. వారంలో ఆయన "వద్దు" అన్నది ఇరవై తొమ్మిది సార్లు, తల్లి రెండు సార్లు. మా ఇంట్లో తండ్రి "వద్దు" అన్నది సున్నా. తల్లి ముప్పై ఏడు సార్లు. రేషన్ కార్డు ప్రకారం కూడా కుటుంబ పెద్ద తల్లే. అంటే మా ఇంట్లో కాగితమూ పనీ ఒకేచోట కలుస్తున్నాయి. ఏ కోరికనైనా ఆపేసే నిషేధాధికారం తల్లిది.'

మళ్లీ చదివింది. ముప్పై ఏడు.

ఎవరో నలుగురిలో పేరు పెట్టి పిలిచినట్టయింది. తను వద్దన్న మాట నిజమే, ఆ మాటలు ఆమెకూ గుర్తున్నాయి. కానీ అధికారమట. తనదట. ఏ కూర వండాలో కూడా అందరి మొహాలూ చూసి వండే మనిషికి, పుట్టింటికి పోవాలంటే నాలుగు రోజుల ముందునుంచి మాట కూడబలుక్కునే మనిషికి అధికారమట. పిల్ల అబద్ధం రాయదు. చూసిందే రాసింది. మరి తను అలా కనిపిస్తోందా? హైదరాబాదులో ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు నిలబడి, మా అమ్మ ముప్పై ఏడు సార్లు వద్దంది అని చదువుతుందా? కోపం కాదు. పిల్ల తనను చూసి బతుకుతోందనుకుంది ఇన్నేళ్లూ. తనను తప్పించుకుని బతుకుతోందా అని బెంగ.

వెనక పేజీల్లో ఆ ముప్పై ఏడూ తేదీలతో సహా ఉన్నాయి. సాయిలత రాత గట్టిది, ఏదీ వదలదు. 'చెప్పుల్లేకుండా వాకిట్లోకి: వద్దు.' 'పరగడుపున మామిడికాయ: వద్దు.' ఇవి తనవే, కాదనదు. 'గ్లోరీ వాళ్ల అక్క పెళ్లికి సదాశివనగర్. ముందు బాపును అడిగిన, అమ్మనడుగు అన్నడు. అమ్మ: వద్దు.' 'స్కూటీ నేర్చుకునుడు. ముందు బాపును అడిగిన, అమ్మనడుగు అన్నడు. అమ్మ: వద్దు.' 'జుట్టు కత్తిరించుకునుడు. ముందు బాపును అడిగిన...'

బాలలక్ష్మి వేలు ఆగింది. చాట పక్కన కుప్పగా ఉన్న బీడీ ఆకు కత్తిరింపుల్లోంచి ఒక తునక తీసి నేల మీద పెట్టింది. ముందు బాపును అడిగిన అని ఉన్నచోటల్లా ఒక్కో తునక. చివరి పేజీ అయ్యేసరికి నేల మీద ఇరవై ఆరు తునకలు ఉన్నాయి.

పిల్ల ఏడో తరగతిలో ఉన్నప్పుడు బడివాళ్లు నిజాంసాగర్ చూపించడానికి తీసుకెళ్లారు. అప్పుడు కూడా మీ అమ్మనడుగు అన్నాడు. అప్పటికి ఆమె ఇంత పిరికిది కాదు. పో బిడ్డా, నీళ్లు దూరం నుంచి చూడు అని పులిహోర కట్టి పంపింది. పిల్ల తిరిగొచ్చిన రెండో రోజు జ్వరం పడింది. పది రోజులు దిగలేదు. కామారెడ్డి ఆస్పత్రి వరండాలో సిద్ధిరాములు ఆమె పక్కనే కూర్చుని, గొంతు పెంచకుండా, ఆమె వైపు చూడకుండా, "నువ్వే పంపితివి" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. రామవ్వ మాత్రం చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ అంది. పంపినదాన్నే అడుగుండ్రి, నాకేం తెలుసు అని. జ్వరం పోయింది. పిల్ల లేచి ఆడుకుంది. ఆ మాట మాత్రం దిగిపోలేదు. ఆ తర్వాత ఎవరు ఏమడిగినా ఆమెకు రెండే దారులు. సరే అంటే, జరగబోయేదంతా తన తల మీద. వద్దంటే ఏమీ జరగదు, పిల్ల కళ్లలో తను చెడ్డదవుతుంది, అంతే. అంతే అనుకుంది.

మోటారుకు ముందర పెట్టే ఫ్యూజు గురించి ఆయనే రైతులకు చెబుతుంటాడు. "అది కాలితే కాలనీ పటేలా. దాని పని గదే. మోటారు సల్లగుంటది" అని.

గ్లోరీ తండ్రి యోబు ఇరవై తొమ్మిది సార్లు వద్దన్నాడట. గట్టిగా అరుస్తాడట కూడా. హైదరాబాదు వద్దన్నప్పుడు గ్లోరీ రెండు పూటలు అన్నం మానేసిందని, ఆయనతో ఎదురెదురుగా కూర్చుని పోట్లాడిందని, చివరికి ఆయనే కాగితం తెమ్మన్నాడని సాయిలత చెప్పింది. బాలలక్ష్మికి అప్పుడు ఆ పిల్ల మీద జాలి కలిగింది. అయ్యో, ఎంత కోపిష్టి తండ్రి అని. ఇప్పుడు ఆకు తునకల్ని చూస్తుంటే వేరేగా అనిపించింది. ఆ ఇంట్లో వద్దు అన్న మనిషి ఎదురుగా ఉన్నాడు. పోట్లాడొచ్చు. గెలవొచ్చు కూడా. ఈ ఇంట్లో సాయిలత ఎవరితో పోట్లాడాలి? తల్లితో పోట్లాడితే తల్లి దగ్గర ఇవ్వడానికేముంది? ఆమె భయం ఆమెకుంది, నిజమే. కానీ ఆ వద్దులకు మొదలు ఆమె దగ్గర లేదు.

ఐదింటికి సాయిలత వచ్చింది. ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకున్న తల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, అది... మేడం రాయమన్నదని..."

"లెక్క తప్పింది బిడ్డా" అంది బాలలక్ష్మి.

"తప్పలే. రెండుసార్లు చూసిన. ముప్పై ఏడే."

"ముప్పై ఏడు నిజమే. గిటు రా, కూసో. గివి చూడు, ఇరవై ఆరు. నువ్వే రాసినవ్, ముందు బాపును అడిగిన అని. రాసినవ్ గని చూడలే."

సాయిలత తునకల ముందు గొంతుక్కూర్చుంది.

"నువ్వే చెప్తివి గదా, కాయిదా పెట్టేటోళ్లు వేరు, అమలు చేసేటోళ్లు వేరు అని. గ్లోరీ వాళ్ల నాయిన కాయిదా ఆయనే పెడ్తడు, ఆయనే అమలు చేస్తడు. మంచిదో చెడ్డదో, ఆయనది. నేను అమలు చేసేదాన్ని బిడ్డా. కాయిదా నాది గాదు." ఆమె ఒక తునక మీద వేలు పెట్టింది. "మీ బాపుకు వద్దని ఉన్నప్పుడల్ల నన్నడుగుమంటడు. సరే అని ఉంటే నన్ను అడుగనియ్యడు. పోయినేడు నీకు కొత్త ఫోను తెచ్చిండు. నన్నడుగుమన్నడా?"

సాయిలత తునకలన్నీ ఒక్కొక్కటిగా ఏరి అరచేతిలో పెట్టుకుంది. "నేను నిన్నొక్కదాన్నే తిట్టుకున్న అమ్మా. గిన్నేండ్లు."

"తిట్టుకో. తల్లిని గాకపోతే ఎవర్ని తిట్టుకుంటవ్."

"అది మొత్తం కొట్టేస్త."

"కొట్టెయ్యకు. అది నువ్వు చూసిన తీరు. దాని కింద ఇది రాయి, రెండో తీరు."

మరునాడు ఆదివారం. సిద్ధిరాములు తీరిగ్గా కూర్చుని తింటున్నాడు. సాయిలత కాగితం తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"మీ అమ్మనడుగు బిడ్డా" అన్నాడాయన తల ఎత్తకుండానే.

"నన్నడిగింది" అంది బాలలక్ష్మి. "ఇప్పుడు నేను నిన్నడుగుతున్న. నీకేమనిపిస్తున్నది?"

"నాదేముందే? ఇంటి పెద్దవు నువ్వు. రేషన్ కార్డు మీద..."

"కార్డు సంగతి ఇడిసిపెట్టు. పిల్ల పోతే నీకు భయమా, కాదా?"

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ముద్ద చేతిలోనే ఉంది. గద్దె మీద నుంచి రామవ్వ, "వానికి భయమే" అంది హఠాత్తుగా. "చిన్నప్పుడు బాయిల బొక్కెన పడితే వీడు దిగేటోడా? నువ్వు మంచిగ ఈత గొడ్తవ్ రా అని తమ్మున్ని ఉబ్బిచ్చి దింపేటోడు. వీడు ఒడ్డుమీద నిలవడి భయపడేటోడు."

సాయిలత ఫక్కున నవ్వింది. సిద్ధిరాములు చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వూకో అవ్వా" అన్నాడు. ముద్ద కంచంలో పెట్టేశాడు. కూతురి వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆయన మాట కోసం వెతుక్కుంటుండగా బాలలక్ష్మి ఎప్పుడూ చూడలేదు.

"ఒక్కతే బిడ్డ" అన్నాడు చివరికి, చాలా చిన్నగా. "గంత దూరం... వద్దు."

అన్నాడు. ఆ మాట ఆయన నోట కొత్త చెప్పులా కిర్రుమంది. బాలలక్ష్మికి ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. ఊరంతా దేవుడసొంటోడు అనుకునే ఈ మనిషి ఇన్నేళ్లూ తన భయాన్ని తెచ్చి ఆమె దగ్గర దాచుకున్నాడు. ఆమె తన దాంతో పాటు ఆయనదీ మోసింది. అందుకా ఇంత బరువు? ఇందులో సగమే నాదా?

సాయిలత నోటుపుస్తకం తెరిచి, సున్నా కొట్టేసి, "బాపు, ఒకటి" అని గట్టిగా చదువుతూ రాసింది.

"గదేంది? ఏం రాస్తున్నవే?" అన్నాడాయన.

"మీ బాపు వద్దన్నడు" అంది బాలలక్ష్మి కూతురితో, కాగితం దగ్గరికి లాక్కుంటూ. "నేను పంపుతున్న." తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఏమన్న అయితే నువ్వే పంపితివి అంటవు. అను. అవును, నేనే పంపిన. గని వద్దన్నది ఎవరో గూడ గుర్తు పెట్టుకో."

పెన్ను పట్టుకుంది. బీడీ కార్ఖానా కాగితాల మీద, బడి కాగితాల మీద ఆయన చూపించిన చోటల్లా సంతకం పెట్టిన చెయ్యే. ఎక్కడ పెట్టాలో ఈసారి ఎవరినీ అడగలేదు. బా కొంచెం వంకరపోయింది. మిగతా అక్షరాలు కుదురుగానే వచ్చాయి.

వెళ్లే రోజు ముగ్గురూ కామారెడ్డి స్టేషనుకు వచ్చారు. ఎండాకాలంలో దుకాణం మూయని మనిషి ఆ రోజు మూసి, కూతురి బ్యాగు ఎవరికీ ఇవ్వకుండా తనే మోశాడు. గ్లోరీ తన తండ్రితో ముందే వచ్చి నిలబడింది. యోబు అప్పటికే రెండు వద్దులు అన్నట్టున్నాడు, ఆ పిల్ల మూతి ముడుచుకుని ఉంది. రైలు వచ్చింది.

"దిగంగనే ఫోన్ చెయ్యి బిడ్డా" అన్నాడు సిద్ధిరాములు. "మీ అమ్మ భయపడ్తది."

బాలలక్ష్మి ఆయన వైపు చూసింది.

"నేను గూడ" అన్నాడు ఆయన, బ్యాగు అందిస్తూ.

సాయిలత మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. తల్లి చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వదలడం లేదు. ఆ పట్టాలు, ఆ తలుపు, ఆ జనం, కదలబోయే ఆ రైలు, అన్నీ కలిసి బాలలక్ష్మి కళ్ల ముందు అప్పటికే నాలుగైదు ఘోరాలు చేసేశాయి.

"అమ్మా, భయమైతున్నదా?"

"అయితున్నది" అంది బాలలక్ష్మి. "ఎక్కు."